మహేంద్రగిరి ఎక్కేముందు ఇది చదవండి

పిల్లలూ,

సంక్రాంతి సెలవులకి అందరూ పర్లాకిమిడి వస్తున్నారని, పండగ అయ్యాక మహేంద్రగిరి ఎక్కాలని అనుకుంటున్నారని మీ పెద్దమ్మ చెప్పింది. అదీ ఒడిశాలోని కొయిన్‌పూర్ వైపు నుంచి జీపులో కాదు, ఆంధ్రలోని మందస వైపు నుంచి నడిచి. సంతోషం. వద్దని చెప్పడానికి రాయట్లేదు. మీ వయసులో నేనూ ఎక్కాను, దారి తప్పి ఒక రాత్రంతా ఆ కొండ మీద కూర్చున్నాను కూడా, అందుకే రాస్తున్నాను.

ముందు బాట సంగతి. బోర్డులు, రంగు గుర్తులు ఉంటాయని అనుకోకండి. ఉన్నవన్నీ మనుషులూ పశువులూ నడిచి నడిచి పడిన బాటలు, వాటిలో చాలావాటికి శిఖరంతో పనే లేదు. ఒకటి కట్టెలు కొట్టే చోటికి పోతుంది, ఒకటి పోడుకి, ఒకటి జీలుగు చెట్టు దగ్గరికి పోయి అక్కడే ఆగిపోతుంది. కల్లు దింపడానికి పొద్దునా సాయంత్రం తిరుగుతారు కాబట్టి ఆ బాట నున్నగా, వెడల్పుగా ఉండి అసలు దారి ఇదే అనిపిస్తుంది. పోడు బాటలు ఇంకోరకం, రెండు మూడేళ్ళు పంట తీసి ఆ నేల వదిలేస్తే ఒకటి రెండు వానాకాలాల్లో తుప్పలు కమ్మేస్తాయి. అందుకని మీ స్నేహితుడెవరో రెండేళ్ళ కింద ఫోన్‌లో రికార్డు చేసిన దారి పంపించాడని దాన్నే గుడ్డిగా పట్టుకుని పోవద్దు. శివరాత్రికి వేలమంది ఎక్కుతారు, ఆ రోజు ఎవరినీ దారి అడగక్కర్లేదు. మీరు ఎక్కేది సంక్రాంతికి, అంటే ఆ జనం నడిచి దాదాపు ఏడాది అయిపోయాక.

1981 డిసెంబరులో నలుగురం వెళ్ళాం. ఎక్కడం బాగానే ఎక్కాం. కుంతి గుడి, ధర్మరాజు గుడి చూసి, భీముడి గుడి దగ్గర అంతంత రాళ్ళు ఎలా పైకెత్తి పేర్చారా అని చూస్తూ మూడున్నర దాకా కూర్చుండిపోయాం. తప్పు అక్కడే మొదలైంది. దిగేటప్పుడు బాట రెండుగా చీలిన చోటు ఒకటి వచ్చింది. పొద్దున ఇలాంటి చోటు చూసిన గుర్తే లేదు ఎవరికీ. ఎందుకు లేదో తర్వాత అర్థమైంది. ఎక్కేటప్పుడు మనం ఒక బాటలో పోతుంటే పక్కనుంచి ఇంకోటి వెనక వైపుగా వచ్చి కలుస్తుంది, మన చూపు ముందుకే ఉంటుంది కాబట్టి అది కంటపడదు. దిగేటప్పుడు అదే చోట ముందర రెండు దారులు కనిపిస్తాయి. ఈ ఒక్క సంగతి మీకు బాగా ఎక్కాలి. ప్రతి మలుపులోనూ ఆగి వెనక్కి తిరిగి చూడండి, వెనక్కి తిరిగే ఫొటో తీయండి. సాయంత్రం మీకు కనిపించేది ఆ ఫొటోలో ఉన్న కొండే.

మేం వెడల్పుగా ఉన్న బాట పట్టాం. పావుగంటకి అది సన్నబడింది, ఇంకాసేపటికి గడ్డిలో కలిసిపోయింది. కింద గెడ్డ, అంటే కొండవాగు, చప్పుడు వినిపిస్తుంటే, నీళ్ళు ఊరివైపే కదా పోతాయి, దాన్ని పట్టుకుని దిగిపోదాం అన్నాడు ఒకడు. అందరం సరే అన్నాం. నీళ్ళు ఊరివైపే పోతాయి, నిజమే, కానీ అవి దూకుతూ పోతాయి. కొండ మీద గెడ్డ మెట్లు మెట్లుగా దిగుతుంది, పైన నిలబడి చూస్తే ఆ మెట్టు నాలుగడుగులో నలభై అడుగులో తెలీదు. మేం దిగిన రాతి పలక మీద నాచు ఎండిపోయి నల్లగా, రాయి రంగులోనే ఉంది. అరచేత్తో రుద్దితే పొడిలా రాలింది, దాని కింద మాత్రం తడి. మాలో ఒకడు అక్కడే జారాడు. ఒక తుప్ప చేతికి దొరికింది కాబట్టి బతికాడు, చీలమండ మాత్రం బెణికి కుండలా వాచిపోయింది. ఇక చీకటి. పైన చలి ఎంతుంటుందో ఊళ్ళో ఉండి ఊహించలేరు, వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు డిగ్రీల పైనే తగ్గుతుంది, పైగా చెమటకి తడిసిన చొక్కాలు. తెల్లారాక కట్టెలకి వచ్చిన ఒక సవర గిరిజన ఆమె మమ్మల్ని చూసి, మాట్లాడకుండా పైకి రమ్మని చెయ్యి ఊపింది. అసలు బాట మాకు పైన, గట్టిగా నడిస్తే ఇరవై నిమిషాల దూరంలో ఉంది.

ఆ ఇరవై నిమిషాలు మళ్ళీ పైకి ఎక్కడానికి బద్ధకించాం. అనుమానం వచ్చిన క్షణమే ఆగండి. కచ్చితంగా ఇదే దారి అని చివరిసారి ఎక్కడ అనిపించిందో అక్కడికి వెనక్కి వెళ్ళండి, ఎంత ఎక్కాల్సి వచ్చినా సరే. తెలియని వాలులో కిందికి దిగొద్దు, గెడ్డ వెంట అసలే వద్దు.

టైమ్ లెక్క ముందే వేసుకోండి. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన లెక్క ఒకటుంది, 5 కిలోమీటర్లకి ఒక గంట, పైకి ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు, మందస పొలాలు వంద మీటర్లు కూడా ఉండవు. అంటే ఎత్తుకే రెండు గంటల పైన. అదీ మంచి బాటలో, అలవాటున్న కాళ్ళకి, ఆగకుండా నడిస్తే. మీకు దానికి సగం కలుపుకోండి. ఒంటిగంటకి ఎక్కడున్నా తిరుగుముఖం పట్టండి, గుడి కళ్ళముందు కనిపిస్తున్నా. జనవరిలో ఐదున్నర దాటగానే పొద్దు వాలిపోతుంది, మందస వైపు అయితే కొండ అడ్డం కాబట్టి నీడ ఇంకా ముందే పడుతుంది.

దిగేటప్పుడు ఎండుటాకుల కింద ఉండే గుండ్రటి కంకరతో జాగ్రత్త, అది కాలికింద గోలీల్లా దొర్లుతుంది. పాదం అడ్డంగా పెట్టి చిన్న అడుగులు వేయండి. మన తూర్పు కనుమల్లో ఖొండలైట్ రాయి ఎక్కువ, వానలకి నాని పెళుసైపోతుంది, పట్టుకునే ముందు ఒకసారి తట్టి లాగి చూడండి. ఒకరి కిందే ఇంకొకరు నడవద్దు, పైవాడి కాలికి కదిలిన రాయి కిందవాడి తల మీదికే వస్తుంది.

కింది ఊళ్ళో సవరల్లో ఒకరిని తోడు అడగండి, వాళ్ళ రోజు కూలికి తక్కువ కాకుండా ఇవ్వండి. వాళ్ళు ఆగమన్న చోట ఆగండి, ఎలుగులు ఏ తోటలో తిరుగుతున్నాయో వాళ్ళకే తెలుస్తుంది. మన పర్లాకిమిడిలోనే బడిపంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తిగారు సవర నేర్చుకుని ఆ భాషకి నిఘంటువు రాశారు, మీరు కనీసం నాలుగు మాటలు నేర్చుకుని వెళ్ళండి.

సిగ్నల్ లేకపోయినా ఫోన్‌లో జీపీఎస్ పనిచేస్తుంది, మ్యాప్ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి. ఆపదైతే 112. ఆ కొండ ఒడిశా, ఆంధ్ర సరిహద్దులో ఉంది కాబట్టి ఏ రాష్ట్రం టవర్ అందుతుందో తెలీదు, ముందు జిల్లా పేరు, కింది ఊరి పేరు చెప్పండి. పాము కరిస్తే కోయడం, గట్టిగా కట్టడం వద్దు, కాలు కదపకుండా మోసుకుని ఆసుపత్రికి. వానాకాలంలో మాత్రం ఎప్పుడూ వెళ్ళకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మన గజపతి జిల్లాలో కొండ గుహలో తలదాచుకున్నవాళ్ళ మీదే కొండ విరిగిపడింది. తిరిగొచ్చిన పది రోజులకో రెండు వారాలకో జ్వరం వస్తే జలుబులే అనుకోకుండా మలేరియాకి రక్తపరీక్ష చేయించుకోండి, కొండకి వెళ్ళొచ్చామని డాక్టరుకి చెప్పండి.

ఏ ఊరి దగ్గర మొదలుపెడతారు, ఎన్ని గంటలకి, ఎంతమంది, ఎవరెవరి నంబర్లు, ఇవన్నీ భోగికి ముందే నాకు రాసి పంపండి. రాత్రి ఎనిమిదికి ఫోన్ రాకపోతే నేను మనుషుల్ని వెంటబెట్టుకుని బయల్దేరతాను. బూట్లు కొత్తవి కొంటే ఇప్పట్నుంచే తొడుక్కుని తిరగండి.

పెదనాన్న