సరుకు బాగుంటే చాలా? అపోహలు - వాస్తవాలు

అనంతపురం, కడప వైపు చిన్న వ్యాపారాలకు సలహాలు ఇవ్వడం నా పని. కస్టమర్ పక్క షాపు దాటుకుని మన దగ్గరికే ఎందుకు రావాలి? దీనికి మన దగ్గర ఉన్న జవాబే వ్యాల్యూ ప్రపోజిషన్. దాని గురించి తరచూ వినిపించే అపోహలు ఇవి.

అపోహ: మంచి కంపెనీ సరుకు పెడితే చాలు.

వాస్తవం: అదే కంపెనీ సరుకు పక్క షాపులోనూ దొరుకుతుంది. అనంతపురంలో బోరు మోటార్ల షాపులనే తీసుకోండి. ఎండాకాలంలో చీనీ (బత్తాయి) తోట రైతు మోటారు కాలిపోయిందంటే, పగలు వచ్చే 9 గంటల త్రీఫేజ్ కరెంటు ఏ రోజుకారోజు పోయినట్టే. తోట ఎండుతుంది, పిందె రాలుతుంది. కాలినదానికి వైండింగ్ (లోపలి తీగ మళ్లీ చుట్టడం) అయ్యేదాకా వాడుకోమని స్పేర్ మోటారు ఇచ్చి, పాతది బోరులోంచి లాగి కొత్తది దింపే మనుషుల్ని పంపే షాపుకే ఆ రైతు వెళ్తాడు.

అసలు మోటారు ఎందుకు కాలిందో చూడటం ఇంకా ముఖ్యం. ఒక ఫేజ్ పోయిందా? వోల్టేజ్ పడిపోయిందా? నీటిమట్టం దిగిపోయి నీళ్లు లేకుండా తిరిగిందా? ఇది చూడకుండా కొత్తది అమ్మితే అదీ కాలుతుంది. బోరు లోతు, నీటిమట్టం, డ్రిప్‌కు కావాల్సిన ప్రెషర్ అడిగి తగిన మోటారు ఎంచి ఇవ్వడం కూడా సర్వీసే. నన్నడిగితే అన్నిటికన్నా విలువైన సర్వీస్ అదే.

అపోహ: సర్వీస్ అంటే ఫ్రీగా చేసిపెట్టేది.

వాస్తవం: మెకానిక్ జీతం, బండి పెట్రోలు, స్పేర్ మోటార్ల మీద పెట్టిన డబ్బు ఎక్కడో ఒకచోట రాబట్టాల్సిందే. బిల్లులో కనిపించని సర్వీస్‌ను కస్టమర్ లెక్కలోకి తీసుకోడు, రేటు దగ్గర బేరం మానడు. ధరలో ఏది కలిసి ఉంది, దేనికి విడిగా తీసుకుంటారు, ఎన్ని గంటల్లో వస్తారు, ఇవన్నీ బిల్లు మీదే రాయండి. చేయగలిగినంతే రాయండి. సీజన్‌లో మాట తప్పితే ఆ కబురు ఊరంతా పాకుతుంది.

అపోహ: నాణ్యతే మన ప్రత్యేకత.

వాస్తవం: అందరికీ తప్పనిసరైన నాణ్యత ఏ ఒక్కరి ప్రత్యేకతా కాదు. ప్రొద్దుటూరులో బంగారం వ్యాపారమే చూడండి. 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో నగకూ విడిగా ఇచ్చే, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే గుర్తింపు నంబరు లేకుండా హాల్‌మార్క్ నగలు అమ్మకూడదు. ఇప్పుడు 916 (22 క్యారెట్ల బంగారం) అని బోర్డు మీద ఎంత పెద్దగా రాసినా కొనేవాళ్లకు కొత్తేమీ కాదు. తరుగు, మజూరీ విడివిడిగా చూపించడం, పాత నగ మార్చుకుంటే ఎంత కట్ చేస్తారో ముందే చెప్పడం, పెళ్లి ముహూర్తానికి ముందే నగ చేతికివ్వడం, వీటితోనే ఒక షాపుకూ ఇంకో షాపుకూ తేడా తెలుస్తుంది.

అపోహ: రకాలు పెంచితే విలువ పెరుగుతుంది.

వాస్తవం: చాలాసార్లు అమ్ముడుపోని సరుకులో పెట్టుబడి ఇరుక్కుపోవడమే మిగులుతుంది.

అపోహ: సర్వీస్ బాగుంటే సరుకు ఎలా ఉన్నా నడుస్తుంది.

వాస్తవం: నడవదు. నాసిరకం కేబుల్ వేసిన బోరుకు మెకానిక్ ఎన్నిసార్లు వెళ్లొచ్చినా రైతుకు పోయిన తడులు తిరిగిరావు. పైగా మోటారు పైకి లాగిన ప్రతిసారీ కూలీ ఖర్చు.