1937లో మా తాత ఓటేశాడా? బ్రిటిష్ కాలపు నియోజకవర్గాలపై అపోహలు - వాస్తవాలు

పాత గెజిట్లు, ఓటరు జాబితాలు చదవడమే నా పని. విజయనగరం, బొబ్బిలి వైపు నుంచి తరచూ ఒకే రకం ఫోన్ వస్తుంది: "సార్, 1937లో మా తాత రాజావారికి వ్యతిరేకంగా ఓటేశాడట. లిస్టులో పేరు చూపించండి." వెతుకుతాను. చాలాసార్లు దొరకదు. తాత అబద్ధం చెప్పాడని కాదు. ఊరేగింపులో నడిచి ఉంటాడు, జెండా మోసి ఉంటాడు. ఓటు మాత్రం ఉండకపోవచ్చు.

అపోహ: బొబ్బిలిలో రాజును జనమంతా ఓటేసి ఓడించారు.

మద్రాసు ప్రెసిడెన్సీ ప్రధానిగా (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) ఉన్న బొబ్బిలి రాజాను 1937 ఎన్నికల్లో ఆయన సొంత గడ్డమీదే కాంగ్రెస్ అభ్యర్థి వి.వి.గిరి ఓడించిన మాట నిజం. కానీ అప్పటికి వయోజన ఓటు హక్కు లేదు. 1920లో ఊళ్లలో ఓటు రావాలంటే ఏడాదికి కనీసం 10 రూపాయల శిస్తు విలువైన భూమి ఉండాలి, లేదా ఆదాయపు పన్ను కట్టాలి, లేదా సైన్యంలో పనిచేసి ఉండాలి. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం ఈ గీతను బాగా కిందికి దించింది. చదవడం, రాయడం వచ్చినవాళ్లకూ దారి తెరిచింది. అయినా కూలిపని చేసుకునే మనిషి ఆ గీతకు బయటే మిగిలాడు. ఓటున్నవాళ్లలోనూ అక్షరాలు రానివారు చాలామంది. అందుకే పార్టీకో రంగు బ్యాలెట్ పెట్టె పెట్టారు. కాంగ్రెస్‌ది పసుపు పెట్టె.

అపోహ: నియోజకవర్గం అంటే అప్పుడూ ఇప్పటిలా మ్యాపు మీద ఒక గీత.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఆ కాలంలో మీరు ఎక్కడున్నారన్నది ఒక్కటే సరిపోదు, మీరెవరన్నది కూడా చూసేవారు. 1937 మద్రాసు శాసనసభలో 215 స్థానాలు. వాటిలో 146 జనరల్, అందులో 30 షెడ్యూల్డు కులాలకు రిజర్వు. మిగతావి ముస్లింలకు 28, భారతీయ క్రైస్తవులకు 8, మహిళలకు 8, భూస్వాములకు 6, వాణిజ్యానికి 6, కార్మికులకు 6, యూరోపియన్లకు 3, ఆంగ్లో ఇండియన్లకు 2, యూనివర్సిటీకి 1, వెనుకబడిన ప్రాంతాలు, తెగలకు 1. అంటే ఒకే వీధిలో ఉంటున్నా హిందూ రైతు ఒక జాబితాలో, పక్కింటి ముస్లిం వ్యాపారి మరో జాబితాలో. జమీందారుకైతే జనరల్‌లో ఒక ఓటు, భూస్వాముల స్థానంలో ఇంకో ఓటు. పేరు దొరకలేదంటే ముందు అడగాల్సింది "ఏ జాబితా చూశారు?" అని.

ఇంకో చిక్కు కూడా ఉంది. శ్రీకాకుళం వైపువాళ్లు 1936కి ముందు జాబితాలను గంజాం జిల్లా కింద వెతకాలి. ఆ ఏడాది ఒరిస్సా ఏర్పడ్డాకే ఆ తాలూకాలు విశాఖపట్నంలోకి వచ్చాయి.

అపోహ: ఆడవాళ్లకు ఓటు స్వాతంత్ర్యం తర్వాతే వచ్చింది.

కాదు. మద్రాసు శాసన మండలి 1921లోనే ఇచ్చింది. ఆస్తి షరతు మాత్రం వాళ్లకూ వర్తించింది. ఎంతమంది ఆడవాళ్ల పేరు మీద పట్టా ఉండేదో ఆలోచించండి.

అపోహ: రిజర్వు స్థానంలో దళితులే ఓటేసి దళిత సభ్యుణ్ణి ఎన్నుకునేవారు.

గాంధీ, అంబేద్కర్‌ల మధ్య కుదిరిన 1932 పూనా ఒప్పందం తర్వాత రెండు దశలు పెట్టారు. మొదట షెడ్యూల్డు కులాల ఓటర్లు మాత్రమే ఓటేసి నలుగురి ప్యానెల్‌ను ఎంచుకుంటారు. ఆ నలుగురిలో ఒకరిని తర్వాత ఉమ్మడి ఓటర్లంతా కలిసి గెలిపిస్తారు. చివరి మాట ఎవరిదో ఆ లెక్కలోనే కనిపిస్తుంది. అంబేద్కర్‌కు ఈ ఒప్పందంపై ఉన్న అసంతృప్తి అర్థం కావాలంటే ఈ రెండో దశను చూడాలి.

తెలంగాణ మిత్రులకు ఒక మాట. 1937 ఎన్నికలు బ్రిటిష్ పాలనలోని రాష్ట్రాలకే. నిజాం రాజ్యంలోని వరంగల్, నల్లగొండ ఊళ్ల పేర్లు ఈ జాబితాల్లో ఉండవు. వాళ్లకు సార్వత్రిక ఓటు 1952లోనే.

అపోహ: 1947తో ఆ పద్ధతులన్నీ పోయాయి.

మత జాబితాలు పోయాయి. కానీ ఒకే నియోజకవర్గంలో జనరల్ సీటు, రిజర్వు సీటు కలిపి పెట్టే పద్ధతి మిగిలింది. 1957 లోక్‌సభ ఎన్నికల్లో పార్వతీపురం అలాంటి ఇద్దరు సభ్యుల స్థానం. అక్కడ రిజర్వు సీటుతో పాటు జనరల్ సీటు కూడా గిరిజన అభ్యర్థికే దక్కింది. ఓడిపోయిన అభ్యర్థి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. ఎక్కువ ఓట్లు వచ్చిన గిరిజన అభ్యర్థి జనరల్ సీటుకూ అర్హుడేనని 1959లో కోర్టు తేల్చింది. 1961లో చట్టం చేసి అలాంటి జంట స్థానాలను రద్దు చేశారు. ఆ కేసు వేసింది ఇరవై ఏళ్ల కిందట పక్కనే బొబ్బిలిలో రాజాను ఓడించిన వి.వి.గిరే.