టవల్ ఉంది, మనిషి లేడు

రెండు రోజులపాటు మా సర్వర్ నుంచి ఒక్క ఎస్సెమ్మెస్ కూడా బయటికి పోలేదు. ఎర్రర్ లేదు, అలారం లేదు. లాగ్ ఫైల్లో మాత్రం పది నిమిషాలకోసారి ఒకటే వాక్యం పడుతోంది: "ముందు మొదలైన కాపీ ఇంకా నడుస్తోంది, నేను వెళ్లిపోతున్నా." ఆ వాక్యం రాసింది నేనే. బెంగళూరులో నా మొదటి ఉద్యోగం, బెళ్లందూరులో చిన్న ఆఫీసు. పక్క సీట్లో ఉండే అనంతపురం అన్న నా స్క్రీన్‌లోకి తొంగిచూసి, "ఏమప్పా, నడుస్తాండేది నిజంగా నీ ప్రోగ్రామేనా, లేకుంటే దాని నంబర్లో కూర్చున్న ఇంకోటా?" అన్నాడు.

అసలు ఆ చెకింగ్ ఎందుకు పెట్టాల్సి వచ్చిందో ముందు చెప్పాలి. మా స్క్రిప్ట్, అంటే ఆ చిన్న ప్రోగ్రామ్, ప్రతి పది నిమిషాలకీ లేచి, కస్టమర్లకు మెసేజ్‌లు పంపి పడుకుంటుంది. ఒకరోజు నెట్‌వర్క్ నెమ్మదించింది. మొదటి కాపీ పని ముగించకముందే రెండోది లేచింది. ఇద్దరూ ఒకే లిస్టు పట్టుకుని ఒకే జనానికి రెండేసి మెసేజ్‌లు కొట్టారు. అందుకని, లేవగానే "నాకంటే ముందు ఎవరైనా ఉన్నారా?" అని చూసుకునే ఏర్పాటు చేశాను.

మొదట పేరుతో వెతికాను. అందరూ అక్కడే మొదలుపెడతారు. డిస్క్ మీద ఊరికే పడి ఉన్నది ప్రోగ్రామ్, మెమరీలోకి వచ్చి పనిలో దిగినది ప్రాసెస్. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో నడుస్తున్న ప్రాసెస్‌లన్నింటినీ పీఎస్ అనే కమాండ్ చూపిస్తుంది. ఆ జాబితాలో మన పేరును, పదాలు వెతికే గ్రెప్ అనే కమాండ్‌తో వెతికితే సరిపోతుంది కదా అనిపిస్తుంది. సరిపోదు. ఆ పేరును వెతుకుతున్న గ్రెప్ కూడా ఒక ప్రాసెసే, దాని కమాండ్ లైన్లోనూ, అంటే దాన్ని నడపడానికి ఇచ్చిన వాక్యంలోనూ, అదే పేరు ఉంటుంది. కాబట్టి అది తనను తానే పట్టుకుని "దొరికాడు" అంటుంది. దీనికి విరుగుడుగా తనను తాను లెక్కపెట్టుకోని పీగ్రెప్ అనే కమాండ్ ఉంది. దానికి ఉత్త పేరు ఇస్తే పైథాన్ భాషలో రాసిన స్క్రిప్టులు మామూలుగా పైథాన్ అనే ఒకే పేరుతో కనిపిస్తాయి. పైగా కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, దాచుకునే ఆ పొట్టి పేరులో 15 అక్షరాలకే చోటు, మిగతాది కత్తిరించేస్తుంది. మొత్తం కమాండ్ లైన్లో వెతకమంటే ఇంకో తంటా. ఒక మధ్యాహ్నం అనంతపురం అన్న నా స్క్రిప్ట్ ఫైల్‌ను వీఐ ఎడిటర్‌లో తెరిచిపెట్టి భోజనానికి వెళ్లాడు. ఎడిటర్ కమాండ్ లైన్లో ఆ ఫైల్ పేరుంది కాబట్టి, ఆయన సాంబారన్నం తిని వచ్చేదాకా మా స్క్రిప్ట్ "ఇంకొకరు నడుస్తున్నారు" అనుకుంటూ కదల్లేదు.

పేరు పనికిరాదని తేలాక నంబర్ మీద పడ్డాను. ప్రతి ప్రాసెస్‌కూ కెర్నెల్ ఒక నంబర్ ఇస్తుంది, దాన్నే పిడ్ అంటాం. లినక్స్‌లో ప్రాక్ అనే ఫోల్డర్ తెరిస్తే నంబర్లే పేర్లుగా ఉన్న ఫోల్డర్లు కనిపిస్తాయి, ఒక్కో ప్రాసెస్‌కు ఒకటి. ఇవేవీ డిస్క్ మీద ఉండవు. మనం అడిగిన క్షణంలో కెర్నెల్ అప్పటికప్పుడు అల్లి చూపిస్తుంది. ప్రాసెస్‌ను ఫైల్‌లా చూపించాలన్న ఈ ఊహ 1984 నాటిది, లినక్స్‌కు మాతృక లాంటి యూనిక్స్ ఎనిమిదో ఎడిషన్ కోసం టామ్ కిలియన్ చేసిన పని. పీఎస్ కూడా ఈ ఫోల్డర్లు చదివే మనకు జాబితా ఇస్తుంది.

చేతిలో నంబర్ ఉంటే జాబితా అంతా తిరగెయ్యక్కర్లేదు. కిల్ అనే పిలుపు ఉంది. పేరుకు కిల్ గానీ దాని అసలు పని ప్రాసెస్‌కు సిగ్నల్, అంటే నంబర్ రూపంలో చిన్న సంకేతం, పంపడం. సిగ్నల్ నంబర్ సున్నా ఇస్తే ఏ సిగ్నలూ పోదు, పంపడానికి వీలుందో లేదో మాత్రం కెర్నెల్ చూసి చెబుతుంది. అచ్చం మిస్డ్ కాల్. అవతల రింగైతే మనిషి ఉన్నట్టు. "అలాంటి ప్రాసెస్ లేదు" అని వస్తే లేనట్టు. మూడో జవాబు ఒకటుంది, చాలామంది అక్కడే బోల్తా పడతారు: "నీకు అనుమతి లేదు." అంటే ప్రాసెస్ ఉంది, కానీ ఇంకో యూజర్‌ది. దాన్ని "లేదు" కింద జమ కట్టేసిన కోడ్ నేను ఎన్నోచోట్ల చూశాను.

నా స్క్రిప్ట్ లేవగానే తన పిడ్‌ను ఒక ఫైల్లో రాసుకునేది, పోయేముందు ఆ ఫైల్‌ను చెరిపేసేది. తర్వాత వచ్చిన కాపీ ఆ నంబర్‌కు మిస్డ్ కాల్ ఇచ్చి చూసేది. నెలల తరబడి బాగానే నడిచింది. ఒకరాత్రి స్క్రిప్ట్ పని మధ్యలో ఉండగా సర్వర్ రీస్టార్ట్ అయింది. చెరిపేవాడు లేక ఫైల్ అలాగే మిగిలిపోయింది. అందులో ఉన్న నంబర్ 1847. మిషన్ మళ్లీ లేచాక ఆ 1847 లాగ్‌లు పోగుచేసే ఇంకో ప్రోగ్రామ్‌కు దక్కింది. రూట్‌గా, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా, నడిపే చెడ్డ అలవాటు నాది, అందుకే అనుమతి గొడవ కూడా రాలేదు. మిస్డ్ కాల్ శుభ్రంగా రింగైంది.

మారతహళ్లిలో నేనున్న పీజీ, అంటే పేయింగ్ గెస్ట్ హాస్టల్, గుర్తొచ్చింది. నెల్లూరు అంకుల్ నడిపేవాడు. మూడో ఫ్లోర్, నాలుగో రూమ్, బి బెడ్ అని ఎవరైనా వెతుక్కుంటూ వస్తే, "ఉన్నాడు బాబూ" అనేవాడు రిజిస్టర్ చూసి. ఉన్న మాట నిజమే. కాకపోతే పోయిన నెల ఉన్నవాడు ఖాళీ చేసి చెన్నై వెళ్లిపోయాడు, ఇప్పుడున్నది వేరే కుర్రాడు. పిడ్‌లూ అంతే. లినక్స్‌లో చాలాకాలంగా ఉన్న మామూలు పరిమితి 32,768. అక్కడిదాకా లెక్కపెట్టి మళ్లీ 300 దగ్గర నుంచి ఖాళీ నంబర్లు పంచుతూ వస్తుంది. 64 బిట్ మిషన్లలో పరిమితిని 41,94,304 దాకా పెంచుకోవచ్చు. దాంతో ఢీకొనడం అరుదవుతుంది, ఆగిపోదు.

అదే రిజిస్టర్లో ఇంకో రకం పేర్లుండేవి. మనిషి సామాన్లు సర్దుకుని వెళ్లిపోయాడు, అడ్వాన్స్ లెక్క తేలలేదు, కాబట్టి అంకుల్ పేరు కొట్టేయలేదు. ప్రాసెస్‌లలో వీటిని జాంబీలు అంటారు. పని అయిపోయింది, మెమరీ వదిలేసింది, కానీ దాన్ని పుట్టించిన పేరెంట్ ప్రాసెస్ వచ్చి "ఎలా ముగిసింది?" అని అడిగి లెక్క మూసేదాకా నంబర్ మాత్రం జాబితాలో ఉండిపోతుంది. సున్నా సిగ్నల్‌కు జాంబీ కూడా "ఉన్నా" అనే పలుకుతుంది. పేరెంటే ముందు పోతే, మామూలుగా పిడ్ ఒకటో నంబర్ ప్రాసెస్ దాన్ని దత్తత తీసుకుని లెక్క మూసేస్తుంది.

నంబర్‌తో పాటు పుట్టిన సమయం కూడా రాసిపెట్టుకుంటే ఈ పొరపాట్లు చాలావరకు తగ్గుతాయి. ఆ సమయం ప్రాక్ ఫోల్డర్లోనే దొరుకుతుంది. 2019లో లినక్స్‌లోకి పిడ్‌ఎఫ్‌డీ అనే పట్టు ఒకటి వచ్చింది. నంబర్ చేతులు మారినా, మనం పట్టుకున్నది మొదట పట్టుకున్న ప్రాసెస్‌నే. మంచి సౌకర్యమే. అయినా నా గొడవకు అసలు మందు ఇది కాదనిపించింది.

ఎందుకంటే "ఉన్నాడా?" అని అడిగి వచ్చిన జవాబు, వచ్చిన క్షణానికే పాతది. విండోస్‌లో ప్రాసెస్‌ల జాబితా ఇచ్చే ఫంక్షన్ పేరులోనే స్నాప్‌షాట్ అని ఉంది, అంటే ఫొటో. "ఎవరూ లేరు" అని విని నేను పని మొదలుపెట్టేలోపు, అదే మాట విన్న ఇంకో కాపీ కూడా మొదలుపెట్టొచ్చు. అడగడం ఒక పని, ఆక్రమించడం ఇంకో పని అయినంతకాలం మధ్యలో సందు ఉంటుంది.

మళ్లీ పీజీకే వస్తా. ఫ్లోర్ మొత్తానికి ఒకటే గీజర్ బాత్రూమ్. పొద్దున ఎనిమిదింటికి కొందరు తలుపు మీద టవల్ వేసి టిఫిన్‌కు పోయేవాళ్లు. నా పిడ్ ఫైల్ ఆ టవల్. వేసినవాడు మరిచిపోతే రోజంతా అక్కడే వేలాడుతుంది. గడియ అలా కాదు. తలుపు తోసి చూడటం, లోపలికి వెళ్లి గడియ పెట్టుకోవడం ఒకే ఊపులో అయిపోతాయి, లోపల మనిషి లేకుండా గడియ పడదు. లినక్స్‌లో ఆ గడియ పేరు ఫ్లాక్. ఫైల్ తెరిచి దాని మీద తాళం అడుగుతాం. దొరికితే మనమే మొదటివాళ్లం, దొరక్కపోతే ఇంకొకరున్నట్టు. ప్రాసెస్ చక్కగా ముగిసినా, మధ్యలో కూలినా, ఎవరైనా చంపినా, కెర్నెల్ దాని ఫైళ్లన్నీ మూస్తూ ఆ తాళాన్నీ తీసేస్తుంది. ఒకటే జాగ్రత్త: మనం పుట్టించిన పిల్ల ప్రాసెస్‌కు ఆ తెరిచిన ఫైల్ వారసత్వంగా పోతే, అదీ వదిలేదాకా గడియ పడే ఉంటుంది. విండోస్‌లో ఇదే పని పేరు పెట్టిన మ్యూటెక్స్ అనే తాళంతో చేస్తారు.

ఇదంతా ఒకే మిషన్ మీద. అవతలి ప్రాసెస్ ఇంకో మిషన్లో ఉంటే చెప్పే కెర్నెల్ ఎవరూ ఉండరు, "బతికే ఉన్నా" అని అది పంపే కబురే దిక్కు. కబురు రాకపోతే అది చచ్చిందా, లేక సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నట్టు ఎక్కడో ఆగిందా? కబురు చేరడానికి గడువంటూ లేని నెట్‌వర్క్‌లో ఈ రెండింటికీ తేడా పట్టే మార్గం లేదు. అలాంటి చోట ఒక్క మిషన్ కూలే వీలున్నా, అందరూ కచ్చితంగా ఒక నిర్ణయానికి వచ్చి తీరతారని ఏ నియత పద్ధతీ, అంటే అదృష్టం మీద ఆధారపడని ఏ పద్ధతీ, హామీ ఇవ్వలేదని ఫిషర్, లించ్, ప్యాటర్సన్ 1985లో నిరూపించారు. మనం చేసేదల్లా ఒక గడువు పెట్టుకుని, అది దాటితే పోయినట్టే అని అనుకోవడం.

నా స్క్రిప్ట్‌కు అంత దూరం అవసరం పడలేదు. నేను రాసిన నలభై లైన్ల చెకింగ్ కొట్టేసి, పది నిమిషాలకోసారి స్క్రిప్ట్‌ను లేపే క్రాన్‌లో ఆ లైన్ ముందు ఫ్లాక్ చేర్చి, తాళం దొరక్కపోతే ఆగకుండా వెళ్లిపొమ్మని చెప్పాను. అన్న చూసి, "ఇంతేనా?" అన్నాడు. 1847 అని రాసి ఉన్న ఆ పిడ్ ఫైల్‌ను మాత్రం తీసేయడం మరిచిపోయాను. నేను ఆ ఉద్యోగం మానేసిన రోజున కూడా అది అక్కడే ఉంది.