కాటా మీద ముద్ర

చిరంజీవులైన మనుమలకు, మనుమరాళ్ళకు మీ తాతయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. పెన్నా కాలువల కింద కోతలు ముమ్మరంగా సాగుతున్నాయి. కోవూరు వైపు రోడ్డు పొడవునా ధాన్యం ఆరబోసి ఉండడంతో బస్సులు కూడా ఒక పక్కగా నెమ్మదిగా వెళ్ళవలసి వస్తోంది. మొన్న ఫోనులో మాట్లాడినప్పుడు, ఒంగోలులో ఏడో తరగతి చదువుతున్న మన చిన్నమ్మాయి నన్నొక ప్రశ్న అడిగింది. “తాతయ్యా, ఆస్ట్రేలియాలో పదహారేళ్ళలోపు పిల్లలకు ఇన్‌స్టాగ్రామ్ ఉండకూడదని చట్టం చేశారట. మన దగ్గర కూడా చేస్తారని మా క్లాసులో అనుకుంటున్నారు. మేమేం తప్పు చేశామని మా దగ్గర తీసేసుకోవాలి?” అని. ఫోనులో రెండు ముక్కల్లో చెప్పి తప్పించుకోదగిన ప్రశ్న కాదిది, అందుకే ఉత్తరం రాస్తానని మాట ఇచ్చాను. అడిగింది ఒక్కతే అయినా మీరందరూ చదవండి. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకు చదివి వినిపించండి.

ముందు ఆ చట్టంలో ఏముందో సరిగా తెలుసుకుందాం, ఎందుకంటే క్లాసులో చెప్పుకునేటప్పుడు సగం మాటలు జారిపోతాయి. ఆస్ట్రేలియా పార్లమెంటు 2024 నవంబరులో ఆ చట్టాన్ని ఆమోదించింది. అది 2025 డిసెంబరు 10న అమలులోకి వచ్చింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్, స్నాప్‌చాట్, యూట్యూబ్ వంటి వాటిలో పదహారేళ్ళు నిండని వారికి ఖాతా ఉండకుండా ఆ కంపెనీలే చూసుకోవాలి. చూసుకోకపోతే 4 కోట్ల 95 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల వరకు జరిమానా పడుతుంది. ఆ జరిమానా కంపెనీకే తప్ప, ఖాతా తెరిచిన పిల్లలకు గాని వాళ్ళ అమ్మానాన్నలకు గాని శిక్ష ఏమీ లేదు. వాట్సాప్ వంటి సందేశాల యాప్‌లను ఆ జాబితాలో చేర్చలేదు. అమలైన మొదటి నెల రోజులలోనే సుమారు 47 లక్షల ఖాతాలు మూతపడ్డాయని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. కనుక “మేమేం తప్పు చేశాం” అన్న దానికి ఆ చట్టమే జవాబు చెబుతోంది. తప్పు మీదని అది ఎక్కడా అనలేదు.

మరి తప్పు ఎక్కడుంది? అది చెప్పాలంటే మిమ్మల్ని మన కళ్ళంలోకి తీసుకువెళ్ళాలి.

నా చిన్నతనంలో మన ఊళ్ళో ధాన్యాన్ని తూచేవారు కాదు, కుంచంతో కొలిచేవారు. నూర్చి, తూర్పారబట్టి, రాశి పోసిన తరువాత కొలిచే మనిషి రాశికి దణ్ణం పెట్టి కూర్చునేవాడు. మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా “లాభం” అని పలికి, ఆ తరువాత రెండు, మూడు అని గొంతెత్తి పాటలాగా లెక్కపెట్టేవాడు. మా నాన్నగారు నన్ను పక్కనే కూర్చోబెట్టి, చేతిలో గుప్పెడు చింతపిక్కలు పోసి, కుంచానికి ఒక పిక్క చొప్పున పక్కన పెట్టమనేవారు. ఎందుకంటే కొలత అనేది కొలిచే చేతిని బట్టి ఉంటుంది. కుంచాన్ని రాశిలోకి కుమ్మి, మోకాలితో ఒక్కసారి కదిపి నింపితే గింజలు సర్దుకుని ఎక్కువ పడతాయి. పైపైన దోసిళ్ళతో పోసి నింపితే తక్కువ పడతాయి. నిండిన తరువాత పైన కుప్పగా వదిలితే ఒక లెక్క, కర్రతో చదును చేస్తే ఇంకొక లెక్క. చూసేవాళ్ళకు మాత్రం అన్నీ ఒక్క కుంచమే. రైతుకు నష్టం వచ్చినా ఎక్కడ వచ్చిందో వేలు పెట్టి చూపలేడు.

ఆ రోజుల్లోనే కొత్త తూకాలు వచ్చాయి. 1956లో దేశమంతటికీ ఒకే తూకం, ఒకే కొలత ఉండాలని చట్టం చేశారు. 1958 అక్టోబరు నుంచి వీశెలు, మణుగులు క్రమంగా పోయి కిలోలు వచ్చాయి. ఊళ్ళో పెద్దవాళ్ళు చాలా రోజులు కిలోలను నమ్మలేదు. వీశె బెల్లం అడిగితే కిలోన్నరకు కాస్త తక్కువ తూచి ఇస్తున్నారని మా అమ్మమ్మ దుకాణదారుతో రోజూ వాదించేది. కాని నెమ్మదిగా అందరికీ తెలిసివచ్చిన విషయం ఏమిటంటే, ఇనుప గుండు మీద ప్రభుత్వం వారి ముద్ర ఉంటే దానిని నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో పెట్టి తూచినా, మన ఊళ్ళో పెట్టి తూచినా ఒకే బరువు చూపుతుంది. ఈనాడు 2009 నాటి చట్టం ప్రకారం ఎలక్ట్రానిక్ కాటాను ఏటా తనిఖీ చేయించి ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని కాటాతో వ్యాపారం చేయడం చట్టవిరుద్ధం.

అయినా పేచీ పూర్తిగా తీరలేదనుకోండి. మన నెల్లూరు జిల్లాలో ఈనాటికీ ధాన్యం బేరం పుట్టి లెక్కనే సాగుతుంది, పుట్టి అంటే 850 కిలోలు. తేమ ఉందని, తాలు ఉందని పుట్టికి మరికొన్ని కిలోలు అదనంగా అడిగే వాళ్ళు ఉంటారు. ధాన్యంలో తేమ 17 శాతానికి మించకూడదని ప్రభుత్వ కొనుగోలు నిబంధన ఉన్నది. ఆ శాతాన్ని కొలిచే యంత్రం కొనేవాడి చేతిలోనే ఉంటే, కళ్ళంలో నిలబడిన రైతు దానిమీద కనబడిన అంకెను నమ్మడం తప్ప ఏం చేయగలడు? ఈ మాటను బాగా గుర్తుపెట్టుకోండి. సరుకు ఒకరిదై, దానిని కొలిచే సాధనం ఇంకొకరి చేతిలో ఉండి, ఆ సాధనాన్ని తనిఖీ చేసే మూడో మనిషి లేనప్పుడు, సరుకు గలవాడు ఎప్పుడూ నష్టపోతాడు.

ఇప్పుడు ఫోను దగ్గరకు వద్దాం. మీరు వీడియోలు ఉచితంగా చూస్తున్నామనుకుంటారు. అక్కడ అమ్ముడుపోతున్న సరుకు మీ చూపు, మీ పొద్దు. ప్రకటనలు ఇచ్చేవారు డబ్బు చెల్లించేది దానికే. ఆ సరుకును తూచే కాటా ఎక్కడుంది? మీ అరచేతిలోనే ఉంది, కాని దాని ముల్లు మీకు కనబడదు. ఒక వీడియో దగ్గర మీరు రెండు క్షణాలు ఎక్కువ ఆగారనుకోండి. ఏమీ నొక్కలేదు, లైక్ కొట్టలేదు, ఎవరితోనూ ఏమీ అనలేదు. అయినా ఆ ఆగడం తూకానికి వచ్చింది. కుక్కపిల్ల దగ్గర ఎంతసేపు ఆగారు, కొట్లాట దగ్గర ఎంతసేపు ఆగారు, రాత్రి పది తరువాత దేనికి ఆగుతున్నారు అన్నీ విడివిడిగా తూచి, ఎక్కువ బరువు చూపిన దానిలాంటి వాటినే తరువాత మీ ముందు పెడుతుంది. కాబట్టి “ఇంకొక్కటి చూసి ఆపేస్తాను” అనుకున్న పిల్ల గంటసేపు ఆపలేకపోతే ఆ పిల్లకు మనసు గట్టిగా లేదనడం న్యాయం కాదు. ఆ కాటాను తయారు చేసినవారు ఎంతో చదువుకున్నవారు, ఆపకుండా ఉండేటట్లే దానిని తయారు చేశారు. వీడియో ముగిసీ ముగియక ముందే ఇంకొకటి దానంతటదే మొదలవుతుంది చూడండి, కుంచాన్ని మోకాలితో కదపడమంటే అదే.

పెద్దవాళ్ళం మేమూ ఆ కదుపులకు లోబడినవాళ్ళమే. టికెట్టు కొనేటప్పుడు మనం అడగని బీమా ముందే ఎంచుకుని ఉండడం, “రెండే సీట్లు మిగిలాయి” అని లేని తొందర పెట్టడం, చేరడానికి ఒక్క నొక్కు చాలినా మానుకోవడానికి పది చోట్ల తిప్పడం మీరందరూ చూసే ఉంటారు. ఇటువంటి మోసపు అమరికలు 13 రకాలని గుర్తించి, వాటిని కూడదంటూ మన కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో మార్గదర్శకాలు వెలువరించింది. పదమూడింటికీ పేర్లు పెట్టడం నాకెంతో నచ్చింది. పేరు లేని దొంగతనాన్ని ఫిర్యాదు చేయడం కష్టం.

మన దేశంలో పిల్లల కోసం ఇంకొక చట్టం కూడా ఉన్నది. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళు నిండని ప్రతి ఒక్కరూ బాలలే. వారి వివరాలను వాడుకోవాలంటే తల్లి గాని తండ్రి గాని ఒప్పుకున్నారని కంపెనీ నిర్ధారించుకోవాలి. అంతకంటె ముఖ్యమైన మాట, పిల్లల నడవడిని వెంబడించి గమనించడం, వాళ్ళను గురిచేసి ప్రకటనలు వేయడం కూడదని ఆ చట్టం చెబుతోంది. పిల్లల విషయంలో బాధ్యత తప్పిన వారికి 200 కోట్ల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. కంపెనీలు సర్దుకోవడానికి 18 నెలలు గడువు ఇచ్చారు కాబట్టి ముఖ్యమైన భాగాలు 2027లో గాని పూర్తిగా అమలులోకి రావు.

ఈ చట్టం ఊరికే ఊడిపడలేదు. కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా చేసి పదవీ విరమణ పొందిన కె.ఎస్. పుట్టస్వామి గారు ఆధార్ విషయమై 2012లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. అప్పటికి ఆయన ఎనభై ఏళ్ళు దాటిన వృద్ధుడు. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా, మనిషి గోప్యత రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పారు. అంత వయసులో ఆయనకు తన కోసం కావలసింది ఏముంటుంది? మీరు పుట్టి పెరిగే లోకం కోసం వెళ్ళారు. ఆయన పేరు గుర్తుంచుకోండి, పరీక్షలో అడగకపోయినా సరే.

ఇక చిన్నమ్మాయి అడిగిన దానికి నా అభిప్రాయం చెబుతాను. పదహారేళ్ళ నిషేధం మంచిదేనని వాదించేవారి బాధ నాకు అర్థమవుతుంది. ఇంట్లో ఒక్క తల్లి “వద్దు” అంటే ఆమె చెడ్డదవుతుంది, ఊరంతటికీ ఒకే నియమం ఉంటే ఆ గొడవ ఉండదు. కాని ఇబ్బందులూ ఉన్నాయి. ఎవరికి పదహారు నిండలేదో తేల్చాలంటే నిండిన వారు కూడా వయసు రుజువు చూపవలసి రావచ్చు, అంటే వివరాలు తక్కువ ఇవ్వడానికి చేసిన చట్టం వల్ల వివరాలు ఎక్కువ ఇవ్వవలసి రావచ్చు. మన పల్లెల్లో ట్యూషనుకు డబ్బు లేక యూట్యూబ్‌లో లెక్కల పాఠాలు వినే పిల్లలున్నారు. ఒక ఇంట్లో అన్నకూ చెల్లెలికీ కలిపి ఒకే ఫోను ఉంటే, చట్టం పేరు చెప్పి ముందు లాక్కునేది చెల్లెలి దగ్గరనుంచే. ఈ మాట చెప్పడానికి నాకు సిగ్గుగా ఉన్నా, మన ఇళ్ళ సంగతి నాకు తెలుసు.

అందుచేత నేను కోరేది ముందు కాటా తనిఖీ. అంగడికి వెళ్ళవద్దని పిల్లలకు చెప్పడం తేలిక. కొట్లోని తూకాన్ని పదిమంది ఎదుట పెట్టి పరీక్షించడం కష్టం, దానికి చదువుకున్న తనిఖీ అధికారులు, భయం లేని ప్రభుత్వం కావాలి. ఆపకుండా నడిచే వీడియోలు పిల్లలకు వాటంతటవే ఆగిపోవాలి, రాత్రిపూట రమ్మని పిలిచే నోటిఫికేషన్లు రాకూడదు, దేనిని తూచి ఏది చూపుతున్నారో కంపెనీలు లెక్క అప్పజెప్పాలి. ఇవి చేసిన తరువాత వయసు పదమూడా, పదహారా అని తీరికగా వాదించుకోవచ్చు. కాటా సరిచేయకుండా వయసు గీత ఒక్కటే గీస్తే, పదహారు నిండిన మరునాడు పిల్లవాడు అదే కుంచం ముందు కూర్చుంటాడు.

ఆ తనిఖీ అధికారి వచ్చేవరకు మీరేం చేయాలి? మా నాన్నగారు నాతో చేయించిన పనినే మీరూ చేయండి. ఎంతసేపు చూశారో ఫోను తానే ఒక లెక్క చూపుతుంది, కాని అదీ కాటా గలవాడి లెక్కే. ఫోను పట్టుకునే ముందు గడియారం చూసి కాగితం మీద వేళ రాయండి, వదిలిన తరువాత మళ్ళీ రాయండి. ఎవరూ మిమ్మల్ని తిట్టరు, ఆ కాగితం మీ సొంతం. దేనికోసం ఫోను తీశారో ఒక మాట, చివరకు ఏం చూశారో ఒక మాట దాని పక్కన చేర్చండి. ఆ రెండు మాటలూ ఎంత దూరంగా ఉంటాయో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది. ఒకరి చూపు ఎక్కడ ఆగుతుందో అంత సన్నగా తూచే సాధనాన్ని మనుషులు తయారు చేయగలిగారన్నది నిజంగా గొప్ప విషయం. తేమ కొలిచే యంత్రమే నాకు వింతగా ఉండేది, దీని ముందు అదెంత? ఇది లోపల ఎలా పనిచేస్తుందో పూర్తిగా చెప్పడం నావల్ల అయ్యే పని కాదు, మీలో ఎవరైనా పెద్ద చదువులు చదివి నాకు చెప్పండి.

రేపు ఒకసారి మీ వీధి చివర కూరగాయల కొట్టుకు వెళ్ళి, కాటా మీద ముద్ర ఎక్కడుందో, ఏ సంవత్సరానిదో మర్యాదగా అడిగి చూడండి. ఇంటికి వచ్చి అమ్మ ఫోను సెట్టింగ్స్‌లో అనుమతుల పేజీ తెరిచి, మైకు, కెమెరా, మీరున్న చోటు, ఫోనులోని నంబర్లు ఏ యాప్‌కు తెలియడానికి ఒప్పుకుని ఉన్నారో ఒక్కొక్కటిగా చదవండి. టార్చిలైటు యాప్‌కు మన చుట్టాల నంబర్లు ఎందుకో, బొమ్మలకు రంగులు వేసే ఆటకు మనం ఉన్న చోటు ఎందుకో మీలో మీరే మాట్లాడుకోండి. అక్కర లేదనిపించిన దానిని అమ్మను అడిగి ఆపివేయండి. ఏవేవి ఆపారో, ఏవి ఆపితే యాప్ పనిచేయనని మొరాయించిందో వరసగా రాసి నాకు పంపండి, ఎదురుచూస్తుంటాను.

ఇట్లు,
మీ తాతయ్య