కార్చిచ్చు వస్తే సెల్ టవర్లు ఎందుకు మూగబోతాయి? అపోహలు - వాస్తవాలు

ఆస్ట్రేలియా పల్లె ప్రాంతాల్లో టవర్ల నిర్వహణ నా పని. డిసెంబర్ సెలవులు దగ్గరపడితే మన తెలుగువాళ్లు పిల్లాపాపలతో అడవులకూ సముద్రతీరాలకూ బయల్దేరతారు. ఇక్కడ అది వేసవి, కార్చిచ్చుల కాలం కూడా సరిగ్గా అదే. "ఫోన్ ఉందిగా" అనే ధీమా చాలామందిలో చూస్తున్నాను. ఆ ధీమా వెనకున్న అపోహలు కొన్ని ఇవి.

అపోహ: మంటలు టవర్‌ను కాల్చేస్తేనే సిగ్నల్ పోతుంది.

వాస్తవం: అలా జరగడం చాలా అరుదు. 2019-20 వేసవి మంటల తర్వాత ఇక్కడి టెలికాం నియంత్రణ సంస్థ ఏసీఎంఏ లెక్క తీసింది. 2019 డిసెంబర్ 19 నుంచి 2020 జనవరి 31 వరకు 1,390 టెలికాం కేంద్రాల మీద మంటల ప్రభావం పడింది. అంతరాయాల్లో నేరుగా మంట తగిలి వచ్చినవి 1 శాతమే. 88 శాతానికి కారణం కరెంటు పోవడం.

పల్లె టవర్‌కు కరెంటు లైను కిలోమీటర్ల కొద్దీ అడవిలోంచి, ఎక్కువగా చెక్క స్తంభాల మీద వస్తుంది. ఎక్కడో దూరాన ఒక్క స్తంభం కాలినా, యూకలిప్టస్ కొమ్మ విరిగి తీగ మీద పడినా టవర్ బ్యాటరీ మీదకు వెళ్లిపోతుంది. మంట ఆ కొండ దరిదాపులకు రాకముందే బ్యాటరీ అయిపోవచ్చు. అందుకే టవర్‌ను కాపాడటమంటే ముందు దాని కరెంటును కాపాడటమని నేనంటాను.

అపోహ: పెద్ద బ్యాటరీలు పెట్టేస్తే సమస్య తీరిపోతుంది.

వాస్తవం: బ్యాటరీ కొంత సమయం ఇస్తుంది, అంతే. 2019-20 మంటల తర్వాత ప్రభుత్వం నిధులిచ్చి, మారుమూల టవర్లు కొన్నింటిలో కనీసం 12 గంటలు నిలిచేలా బ్యాటరీలు పెట్టించింది. మంచి పనే. కానీ పెద్ద కార్చిచ్చులో కరెంటు రోజుల తరబడి రాదు. ఆ తర్వాత దిక్కు జనరేటర్, దానికి డీజిల్. డీజిల్ చేరాలంటే దారి ఉండాలి.

మల్లకూటా సంగతే తీసుకోండి. విక్టోరియా రాష్ట్రం తూర్పు కొసన ఉన్న ఈ ఊరికి వెళ్లే ప్రధాన రోడ్డు ఒకటే. 2019 డిసెంబర్ 31న మంటలు చుట్టుముట్టి వేలమంది తీరంలో చిక్కుకుపోతే, నౌకాదళం ఓడలు వచ్చి చాలామందిని తీసుకెళ్లాల్సి వచ్చింది. మనుషులే రోడ్డు మీద బయటపడలేని చోటికి డీజిల్ ట్యాంకర్ ఎలా వెళ్తుంది? మంట దాటిపోయాక కూడా సగం కాలిన చెట్లు ఎప్పుడు కూలతాయో తెలియదు. అగ్నిమాపక సిబ్బంది సరేననేదాకా మమ్మల్ని లోపలికి పంపరు. పంపకూడదు కూడా.

ఇంకో చిక్కుంది. పల్లె టవర్లు చాలావరకు తీగ లేకుండా సిగ్నల్ అందించే మైక్రోవేవ్ డిష్‌లతో ఒకదానికొకటి కలిసి ఉంటాయి. మధ్యలో ఒక టవర్ ఆగితే, దాని మీద ఆధారపడినవాటికి బ్యాటరీ నిండుగా ఉన్నా ఉపయోగం లేదు. డబ్బు పరిమితమైతే ముందు ఆ మధ్య టవర్‌కు సొంత జనరేటర్, ఎక్కువ డీజిల్ నిల్వ ఇవ్వాలి. అన్నింటికీ తలా కాస్త పంచడం నాకు సరైన పద్ధతిగా కనిపించదు.

అపోహ: టవర్ ఉక్కుతో కట్టింది, దానికేమవుతుంది?

వాస్తవం: ఉక్కు నిలబడుతుంది. కాలిపోయేది దాని మీద పాకే కేబుళ్ల ప్లాస్టిక్ తొడుగు, యాంటెనాల ఫైబర్‌గ్లాస్ కవర్లు. పైగా టవర్లుండేది కొండ కొమ్మున. వాలు 10 డిగ్రీలు పెరిగితే పైకెక్కే మంట వేగం దాదాపు రెట్టింపవుతుంది.

మంట కంటే ముందు వచ్చేవి నిప్పురవ్వలు. కేబుల్ ట్రే కింద పోగైన ఎండుటాకుల్లో ఒక్క రవ్వ పడితే చాలు. నేను సైట్‌కు వెళ్తే మొదట చూసేది కేబుళ్లు షెల్టర్ (టవర్ పక్కన పరికరాలుండే గది) గోడలోకి దూరే రంధ్రం. అక్కడి సీల్ ఎండకు పగిలి వేలు దూరేంత సందు ఉంటే రవ్వ లోపలికి వెళ్లినట్టే. గాలి రంధ్రాలకు 2 మిల్లీమీటర్లకు మించని కన్నుల లోహపు జాలీ, చుట్టూ గడ్డి లేకుండా కంకర, కంచె మీదికి వాలిన కొమ్మల నరికివేత: ఖరీదైన పనులు కావివి, కానీ ఏటా వేసవికి ముందు ఎవరో ఒకరు వెళ్లి చేయాల్సినవి. బూడిదతో ఏసీ ఫిల్టర్లు మూసుకుపోయినా పరికరాలు వేడెక్కి ఆగిపోతాయి.

అపోహ: భూమిలో వేసిన ఫైబర్ కేబుల్‌కు ఢోకా లేదు.

వాస్తవం: చాలావరకు నిజమే. అయితే కేబుళ్లు కలిపే గుంతల (పిట్) ప్లాస్టిక్ మూతలు కరుగుతాయి, వంతెనల కింద వేలాడే కేబుల్ కాలుతుంది. మంటను ఆపడానికి నేల గీకే బుల్‌డోజర్లకు తెగేవీ ఉంటాయి.

అపోహ: సిగ్నల్ లేకపోయినా ఇక్కడి అత్యవసర నంబరు 000 కలుస్తుంది.

వాస్తవం: మీ కంపెనీ టవర్ లేకపోయినా, వేరే కంపెనీ టవర్ అందుబాటులో ఉంటే కలుస్తుంది. ఏదీ లేకపోతే కలవదు. ఐఫోన్ 14, ఆ తర్వాతి ఫోన్లలో ఉపగ్రహం ద్వారా అత్యవసర సందేశం పంపే సౌకర్యం 2023 మే నుంచి ఇక్కడ ఉంది, కానీ తలపైన ఆకాశం తెరిపిగా కనిపించాలి. ఇంట్లో కరెంటు పోతే ఎన్‌బీఎన్ (జాతీయ బ్రాడ్‌బ్యాండ్) మోడెం, దాని మీది ల్యాండ్‌లైన్ రెండూ ఆగిపోతాయి. కాబట్టి హెచ్చరిక మెసేజ్ కోసం ఎదురుచూడకండి. బ్యాటరీతో నడిచే రేడియో పెట్టుకోండి, వెళ్లే ఊళ్లో ప్రభుత్వ రేడియో ఏబీసీ వచ్చే ఫ్రీక్వెన్సీని కాగితం మీద రాసుకోండి.

అపోహ: ఫోన్ కలవలేదంటే మనవాళ్లకు ఏదో అయింది.

వాస్తవం: ఊళ్లో ఉన్న అమ్మానాన్నలకు ఇది ముందే చెప్పి ఉంచండి. ఎక్కువసార్లు ఆగింది టవర్ కరెంటే. పెద్ద విపత్తుల్లో ఆస్ట్రేలియా రెడ్ క్రాస్ 'రిజిస్టర్, ఫైండ్, రీయునైట్' సేవ తెరుస్తుంది. పునరావాస కేంద్రానికి చేరినవాళ్లు అక్కడ పేరు నమోదు చేసుకుంటే, వెతికే బంధువులకు సమాచారం అందే వీలుంటుంది.