పాటలో మత్తు వెతకడం ఎక్కడ మొదలైంది?

ఫలానా పాట మాదకద్రవ్యాల గురించేనా అన్న వాదన చాలాసార్లు "రాసినాయనే కాదన్నాడు కదా" అన్న మాటతో ఆగిపోతుంది. ఆ మాట ఏ సంవత్సరంలో అన్నాడో కూడా చూడాలి. 1960లలో అమెరికా, బ్రిటన్‌లలో ఔనని ఒప్పుకుంటే ఆ పాటకు రేడియోలో చోటు పోయే ప్రమాదం ఉండేది.

1966లో అమెరికన్ రాక్ బృందం బర్డ్స్ 'ఎయిట్ మైల్స్ హై' విడుదల చేసింది. 'హై' అంటే ఎత్తు, మత్తు అని కూడా. ఏ రికార్డు వేయాలో స్టేషన్లకు సూచించే గావిన్ రిపోర్ట్ దాన్ని మత్తు పాటగా లెక్కగట్టడంతో చాలా స్టేషన్లు పక్కన పెట్టేశాయి. అది 1965 నాటి తమ లండన్ విమాన ప్రయాణం గురించేనని బృందం గట్టిగా చెప్పింది. ఏళ్లు గడిచాక బృందంలోని జీన్ క్లార్క్, డేవిడ్ క్రాస్బీ ఇద్దరూ అందులో మత్తు పాత్ర కూడా ఉందని ఒప్పుకున్నారు.

'పఫ్ ద మ్యాజిక్ డ్రాగన్' సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. దాని మూలం లెనార్డ్ లిప్టన్ 1959లో కార్నెల్ విద్యార్థిగా రాసిన కవిత. పాట 1963లో వచ్చింది. మరుసటి ఏడాది న్యూస్‌వీక్ పత్రిక మత్తు పాటల జాబితాలో దీన్నీ చేర్చింది. పఫ్ అంటే దమ్ము, కథలో పిల్లవాడి ఇంటిపేరు పేపర్ కాబట్టి అది గంజాయి చుట్టే కాగితం అన్నారు. లిప్టన్, ఆ కవితను పాటగా మలిచిన పీటర్ యారో జీవితాంతం కాదనే చెప్పారు. రాసిన కాలం, పాట కథ రెండూ వారి వైపే ఉన్నాయి. బాల్యం దాటిపోవడమే ఆ కథ. రెండు పదాలకు అతికి, మిగతా చరణాలకు అతకని అర్థాన్ని వదిలేయాల్సిందే.

ఈ పదాల వేటకు ప్రభుత్వ బలం 1970లో వచ్చింది. ఆ సెప్టెంబరులో అమెరికా ఉపాధ్యక్షుడు స్పైరో ఆగ్న్యూ లాస్ వేగాస్ ప్రసంగంలో కొన్ని పాటలను పేరుపెట్టి విమర్శించాడు. 1971 మార్చి 5న రేడియో స్టేషన్లకు లైసెన్సులిచ్చే ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ నోటీసు ఇచ్చింది: మాదకద్రవ్యాలను పొగిడే పాటలు వేసే ముందు వాటి సాహిత్యం ఏమిటో స్టేషన్‌లో బాధ్యత గలవారికి తెలిసి ఉండాలి. అది నిషేధం కాదు. కానీ అప్పట్లో లైసెన్సు మూడేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి, ఆ భయం చాలు. యేల్ విద్యార్థుల రేడియో కోర్టుకెక్కింది. 1973లో అప్పీలు కోర్టు కమిషన్ పక్షాన నిలిచి, స్టేషన్లకు మూడు దారులు చూపింది: ముందే వినడం, ప్రసారమవుతుండగా వినడం, లేదా శ్రోతల ఫిర్యాదులు పరిశీలించి స్పందించడం. సుప్రీంకోర్టు కేసు చేపట్టలేదు. ఆ కోర్టులోని జస్టిస్ డగ్లస్ మాత్రం ఆ నిర్ణయంతో విభేదించాడు.

హడావుడిగా వినే ఉద్యోగి చెవికి పదం అందుతుంది, పాట అందదు. 'రాకీ మౌంటెన్ హై'లో కొండల మీద కలిగిన ఆనందాన్నే చాలా స్టేషన్లు మత్తుగా లెక్కవేశాయని ఆ పాట గాయకుడు జాన్ డెన్వర్ 1985లో సెనేట్ కమిటీ ముందు వాంగ్మూలమిచ్చాడు.

వ్యసనం గురించిన పాటలకు చాలాసార్లు ఇంత వెతుకులాట అక్కర్లేదు. వెల్వెట్ అండర్‌గ్రౌండ్ బృందం 1967లోనే 'హెరాయిన్' అని పేరే పెట్టింది. నీల్ యంగ్ 1972లో విడుదల చేసిన 'ద నీడిల్ అండ్ ద డ్యామేజ్ డన్' వెనుక హెరాయిన్‌కు లోబడిన గిటారిస్టు డానీ విటెన్ ఉన్నాడు, అదే ఏడాది నవంబరులో అతను చనిపోయాడు. మత్తు వాడకం గురించిన పాటలో రంగులు, తేలిపోవడం ఎక్కువ వినిపిస్తాయి. వ్యసనం పాటలో మళ్లీ కావాలన్న ఆరాటం, పోగొట్టుకున్న మనుషులు వినిపిస్తారు.

చిక్కంతా ప్రేమపాటల దగ్గరే. ప్రియురాలినీ మత్తునూ ఒకే మాటలతో పిలవచ్చు. స్ట్రాంగ్లర్స్ బృందం పాట 'గోల్డెన్ బ్రౌన్' 1982లో బ్రిటన్ పాటల అమ్మకాల జాబితాలో రెండో స్థానానికి చేరింది. అది హెరాయిన్ గురించి కూడా, ఒక అమ్మాయి గురించి కూడా అని బృందం గాయకుడు హ్యూ కార్న్‌వెల్ తర్వాత చెప్పాడు. బీటిల్స్ 1966 నాటి 'గాట్ టు గెట్ యూ ఇంటూ మై లైఫ్' ప్రేమపాటగానే చలామణీ అయింది. అది గంజాయి గురించి అని బీటిల్స్‌లోని పాల్ మెకార్ట్నీ వివరంగా చెప్పింది 1997లో వచ్చిన తన జీవితచరిత్రలో.