ముగ్గురు ఆడే చోట పదిమంది ఎందుకంటే

చిరంజీవులైన మనవళ్ళకూ, మనవరాలికీ తాతయ్య దీవెనలు.

మొన్న వీడియో కాల్‌లో మీరడిగినదానికి సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఒకపక్క మీ బాబాయి టీవీ గోల, ఇంకోపక్క మీ పిన్ని మిక్సీ. "బంతి పట్టేవాళ్ళు ముగ్గురే ఆడతారట కదా తాతయ్యా, లిస్టులో పదిమంది పేర్లెందుకు?" అన్నారు. మంచి ప్రశ్న. ఇంకో వారంలో ఇక్కడ అమెరికాలో, కొలంబస్‌లో, అమెరికన్ ఫుట్‌బాల్ సీజన్ మొదటి మ్యాచ్. ఊరంతా దీని గురించే మాట్లాడుతోంది, కూరగాయల కొట్లో కూడా.

ముందు ఆట సంగతి. ఇది కాలితో తన్నే మన ఫుట్‌బాల్ కాదు. బంతి రెండు కొసలూ మొనదేలి ఉంటుంది, చేత్తో విసురుతారు. మైదానం 100 గజాలు, జట్టుకి 11 మంది. విసిరేవాణ్ణి క్వార్టర్‌బ్యాక్ అంటారు, పరుగెత్తి దాన్ని అందుకునేవాళ్ళు రిసీవర్లు. ఆడేవాళ్ళంతా ఒహాయో స్టేట్ యూనివర్సిటీ పిల్లలే, పద్దెనిమిదేళ్ళ నుంచి ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ వాళ్ళు. చూడ్డానికి వచ్చేది మాత్రం లక్షమందికి పైనే. పొద్దున హోంవర్కు, సాయంత్రం లక్షమంది కేకలు. నాకైతే ఆ వయసులో మాస్టారు పేరు పిలిస్తేనే కాళ్ళు వణికేవి.

రిసీవర్లు ముగ్గురూ ఒకే పని చేస్తారనుకుంటే పొరపాటు. ఎక్స్ అనేవాడు సరిగ్గా ఆట మొదలయ్యే గీత మీద నిలబడతాడు. ఎదుటివాడు ముఖంలో ముఖం పెట్టి కాచుకుని ఉంటాడు. వాణ్ణి చేతులతో తోసుకుని బయటపడాలి కాబట్టి బలం కావాలి. జెడ్ ఒక అడుగు వెనక ఉంటాడు, ఆట మొదలయ్యే ముందు పక్కకి కదిలే వీలుంటుంది. మూడోవాడు స్లాట్. లోపలి వైపు, గుంపు మధ్యలో వీడి పని. సంతలో సైకిల్ తొక్కినట్టు చటుక్కున మలుపులు తిరగాలి. వేగం ఒక్కటే ఉంటే అక్కడ చాలదు.

కోచ్‌లు ఒక్కో స్థానానికీ మొదటివాడు, రెండోవాడు, మూడోవాడు అని రాసుకునే పట్టికే డెప్త్ చార్ట్. మీరు చూసిన లిస్టు అదే. సీజన్ ముందు అందరూ పైన ఉన్న మూడు పేర్లూ చూసి సంబరపడతారు. నేను నాలుగో పేరు దగ్గర మొదలుపెడతాను. అలా ఎందుకో చెప్పాలంటే 2021 దగ్గరికి వెళ్ళాలి.

ఆ ఏడాది ఇక్కడి పట్టికలో పైనున్న రెండు పేర్లు గారెట్ విల్సన్, క్రిస్ ఒలావే. మూడో పేరు జాక్సన్ స్మిత్-ఎన్‌జిగ్బా. జేమ్సన్ విలియమ్స్ అని నాలుగో కుర్రాడు ఉండాల్సింది. కానీ ఆ ఏప్రిల్‌లోనే కాలేజీల క్రీడా సంఘం నియమం మార్చింది. అంతకుముందు కాలేజీ మారితే ఈ ఆటలో ఏడాది ఖాళీగా కూర్చోవాలి, ఇకపై ఒకసారి వెంటనే ఆడుకోవచ్చు అంది. విలియమ్స్ అలబామా యూనివర్సిటీకి వెళ్ళిపోయాడు. అక్కడ ఒక్క సీజన్‌లో బంతులు పట్టి జట్టుని 1,572 గజాలు ముందుకు తీసుకెళ్ళాడు! ఇక్కడ బెంచీ మీద నానాల్సినవాడు అక్కడ హీరో. వాణ్ణి తప్పుపట్టలేం. కాకపోతే అప్పటినుంచీ కోచ్‌లకి ఒక టెన్షన్ పట్టుకుంది. మంచివాళ్ళని నలుగుర్ని తెచ్చుకున్నా, నాలుగోవాడు పక్క ఊరి వైపు చూస్తూ ఉంటాడు.

ఆ అలబామాకే ఏమైందో వినండి. చివరి దాకా వచ్చారు. డిసెంబర్‌లో జాన్ మెచీ అనే పెద్ద రిసీవర్‌కి మోకాలి లిగమెంట్ తెగింది. 2022 జనవరి 10న, ఇండియానాపొలిస్‌లో జార్జియాతో ఫైనల్. సగం ఆట కాకముందే విలియమ్స్ మోకాలు కూడా పోయింది. అంతదాకా పెద్దగా ఆడని కుర్రాళ్ళు బరిలోకి దిగాల్సి వచ్చింది. క్వార్టర్‌బ్యాక్ ఆ ఏటి మేటి ఆటగాడే, కానీ విసిరిన చోటికి అవతల మనిషి వచ్చి ఉండాలి కదా. 33-18తో ఓడిపోయారు.

అదే నెల మొదటి తారీఖున రోజ్ బౌల్ అనే పెద్ద మ్యాచ్‌లో ఇక్కడి జట్టుకి యూటా యూనివర్సిటీ జట్టు ఎదురైంది. విల్సన్, ఒలావే ఇద్దరూ ప్రొఫెషనల్ ఆటకి సిద్ధమవుతూ ఈ మ్యాచ్ ఆడబోమని చెప్పేశారు. మిగిలిన మూడో పేరు, స్మిత్-ఎన్‌జిగ్బా, ఆ ఒక్క మ్యాచ్‌లో 15 బంతులు పట్టి 347 గజాలు లాక్కొచ్చాడు. అప్పటిదాకా చేతివేళ్ళతో లెక్కపెట్టేన్ని బంతులు పట్టిన మార్విన్ హారిసన్ జూనియర్ మూడు టచ్‌డౌన్లు చేశాడు, అంటే బంతితో అవతలి చివరి గీత దాటడం. 48-45తో గెలిచారు.

మా ఊళ్ళో పౌరాణిక నాటకాలు ఆడే రోజుల్లో నాది ద్వారపాలకుడి వేషం. రెండే మాటలు. కానీ రిహార్సల్స్‌లో రోజూ కూర్చుని అర్జునుడి పద్యాలు, కృష్ణుడి పద్యాలు అన్నీ నోటికి తెచ్చుకున్నా. ఒక రాత్రి అర్జునుడి గొంతు పూర్తిగా పోయింది. హార్మోనియం వాయించే ఆయన నా వైపు తిరిగి "నీకొచ్చు కదరా" అన్నాడు. రాగం ఒకచోట తప్పాను, ఇప్పటికీ గుర్తే. కానీ తెర మాత్రం లేచింది. వేషం వేసుకునేవాళ్ళు ఊళ్ళో బోలెడుమంది ఉన్నారు, ఆ రాత్రి పద్యం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. రిసీవర్ల లిస్టులో పేర్లు చదివేటప్పుడు నాకు అదే గుర్తొస్తుంది. ఎక్స్‌లో రెండోవాడికి స్లాట్ పని వచ్చా? జెడ్ కుర్రాడు కిందపడితే పక్కకి జరిగి ఆడగలడా? పదిమందికీ తలా ఒక పద్యమే వస్తే ఆ పది అంకె ఎందుకూ కొరగాదు.

2022 సెప్టెంబర్ 3న నేను ఇక్కడే ఉన్నాను, మొదటిసారి వచ్చిన ఏడు. సీజన్ మొదటి మ్యాచ్, రాత్రి పూట, నోటర్ డేమ్ అనే ఇంకో యూనివర్సిటీ మీద. అప్పటికి స్మిత్-ఎన్‌జిగ్బాయే పట్టికలో మొదటి పేరు. ఆట మొదలైన కాసేపటికే దెబ్బ తగిలి తొడ వెనక కండరం పట్టేసింది. జూలియన్ ఫ్లెమింగ్ అనే ఇంకో రిసీవర్ ఆ రాత్రి అసలు దిగనే లేదు. సగం ఆటకి 10-7తో వెనకబడ్డారు. మీ బాబాయి సోఫాలోంచి లేచి వంటింట్లోకీ హాల్లోకీ తిరగడం మొదలుపెట్టాడు. మూడో భాగం చివర్లో, 17 సెకన్లు ఉందనగా, 24 గజాల బంతి పట్టి టచ్‌డౌన్ చేసింది ఎవరనుకున్నారు? జేవియర్ జాన్సన్. స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చేరిన కుర్రాడు. ఇలాంటివాళ్ళని వాక్-ఆన్ అంటారు. మధ్యలో కొన్నాళ్ళు రిసీవర్ పని మానేసి డిఫెన్స్ వైపు కూడా పెట్టారు, అదీ చేశాడు. బంతి తన్నినప్పుడు పరుగెత్తి అడ్డుకునే పని, ఎవరూ టీవీలో చూడని పని, అదీ చేశాడు. ఆ రాత్రి 21-10తో గెలిచారు.

స్మిత్-ఎన్‌జిగ్బా ఆ సీజన్ మొత్తం మీద పట్టింది ఐదే బంతులు. అంతకు ముందు ఏడాది 95. మొదటి మ్యాచ్ ముందు ఈ లెక్క చెబితే ఊరు ఊరంతా తల పట్టుకునేది. హారిసన్, ఎమెకా ఎగ్బుకా చెరో వెయ్యి గజాలు దాటేసరికి ఆ సంగతి పెద్దగా ఎవరూ తలుచుకోలేదు.

ఇంకో కిటుకు ఉంది. కొత్తగా చేరిన పిల్లల్ని నాలుగు మ్యాచ్‌ల దాకా ఆడించినా, వాళ్ళు కాలేజీ తరఫున ఆడగలిగే ఏళ్ళ లెక్కలోకి ఆ ఏడాది రాదు. 2018లో వచ్చిన వెసులుబాటు ఇది. అందుకే మొదటి మ్యాచ్ చివర్లో, గెలుపు ఖాయమయ్యాక, కొత్త నంబర్లు కనిపిస్తాయి. మీ బాబాయి అప్పుడు టీవీ కట్టేస్తానంటాడు. నేను రిమోట్ దాచేస్తాను.

ఈసారి మ్యాచ్ అయ్యేసరికి మీకు తెల్లారిపోతుంది, మేలుకోకండి. లిస్టు మాత్రం మీకు వాట్సాప్‌లో పంపుతాను. పైన ముగ్గుర్నీ వదిలేసి, కింద నుంచి ఒక పేరు తలా ఒకరు ఎంచుకోండి. నేను ఎంచుకున్నది ఏడోవాణ్ణి, ఎవరికీ చెప్పకండి.

అమ్మమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గిందో లేదో మీరే రాయండి, తనైతే తగ్గిందనే అంటుంది.

ఆశీస్సులతో,
తాతయ్య